టీకాల పెట్టె చెప్పిన కబురు

నేను ఒక పెట్టెను. అలాగని నగలపెట్టె అనుకుని దగ్గరికి జరక్కండి. టీకాల పెట్టెను. నీలం ఒళ్ళు, తెల్ల మూత, భుజాన తగిలించుకునే పట్టీ, లోపల నాలుగు పక్కలా మంచుబిళ్ళలు, నడుమ మందు సీసాలు. బయట ఎంత మంట మండుతున్నా లోపల చల్లగా కూర్చోవడం నా ఉద్యోగం. ఆ మాటకొస్తే నేను చూసిన పెద్దమనుషులందరి ఉద్యోగమూ అదే. నాకు మూత ఉంది, వాళ్ళ నోళ్ళకి లేదు. తేడా అంతే.

పుట్టింది హైదరాబాదు శివార్లలో, ఓ ప్లాస్టిక్ కార్ఖానాలో. అచ్చులోంచి ఊడిపడ్డాను గనక అచ్చ తెలుగుదాన్నే. నా బిగింపు పరీక్షించిన మనిషి “ఇది మూసుకుందంటే దేవుడు దిగొచ్చినా తెరుచుకోదు” అని మెచ్చుకుంది. దేవుడి సంగతి నాకు తెలీదు గానీ ముఖ్య అతిథి దిగొచ్చాడు. తెరుచుకోవాల్సి వచ్చింది. ఆ భాగోతమే చెప్తున్నా.

ప్రపంచంలోని పిల్లలందర్నీ ఉద్ధరిస్తానని కంకణం కట్టుకున్న ఓ సంస్థ నన్ను కొని, ఓడెక్కించి, సోమాలియా పంపింది. సంస్థ పేరు చెప్పను. పేరు మరీ పొడుగు, పని మరీ పొట్టి. దిగీ దిగగానే నా ఒంటినిండా గుర్తుల బిళ్ళలు అంటించారు. దాతది ఒకటి, ఆ దాతకి ఇచ్చిన దాతది ఒకటి, దాతలకే తాత లాంటివాడిది ఇంకొకటి. ఎవరి బిళ్ళ పైనుండాలని అధికారులు వారం రోజులు కొట్టుకుని, చివరికి నన్ను ఎండలో పెట్టకూడదని రాసి ఉన్న చోటే పెద్ద బిళ్ళ అంటించి రాజీ పడ్డారు.

అక్కడి భాషలో ఒక మాట నాకు తెగ నచ్చింది. వాళ్ళు “లేదు” అనడానికి “మాయ” అంటారు. మన వేదాంతులు వేల శ్లోకాలు రాసీ తేల్చని ముక్కని వాళ్ళు రెండక్షరాల్లో తేల్చేశారు. జిల్లా ఆస్పత్రికి వెళ్ళి డాక్టరున్నాడా అని అడగండి. మాయ. కరెంటు? మాయ. నిరుడొచ్చిన మందులు? అవి మాత్రం రెండు భాషల్లోనూ మాయ.

నా పట్టీ మొదట భుజాన వేసుకున్న పిల్ల పేరు ఇదిల్. సోమాలీ పిల్ల. హైదరాబాదులో చదివి, ప్రజారోగ్యంలో పట్టా పుచ్చుకుని, అందరూ తలో దేశం వైపు ఎగురుతుంటే ఎదురు దిక్కున సొంత దేశానికి దిగిన వింత పక్షి. నన్ను తిప్పి అడుగున ఊరి పేరు చదివి, “అరె, నువ్వు మన హైదరాబాద్ దానివా!” అంది తెలుగులో. అప్పట్నించీ ఎవరూ లేనప్పుడు ఆమె నాతో తెలుగులో మాట్లాడేది. ఎవరికీ అర్థం కాదు గనక తిట్టుకోవడానికి తెలుగు బాగా పనికొచ్చేది.

టోలీచౌకీలో ఆమె ఉన్న హాస్టల్ నడిపే అంజమ్మ, ఇదిల్ అనడానికి నోరు తిరక్క, ఇడ్లీ అనేదట.

“ఏం ఇడ్లీ, మీ దేశంల సింహాలుంటయా?”

“అయిపోయినయ్ అక్కా. ఇప్పుడు సలహాదార్లు తిరుగుతున్నరు.”

“కరుస్తరా?”

“కరవరు. స్లైడ్లు చూపిస్తరు.”

ఆ స్లైడ్ల మీద ఆమెకి చెప్పలేనంత కసి. తరగతిలో ఆఫ్రికా పాఠం వచ్చినప్పుడల్లా ఒకటే బొమ్మ: ముఖం మీద ఈగలు వాలిన పిల్లాడు. యాభై పైచిలుకు దేశాల్ని ఆ ఒక్క పిల్లాడి ముఖంలో కుక్కేశారు. “వీడికి పేరుండదా? వాళ్ళమ్మ ఈగలు తోలదా?” అని ఈమె లేచి అడిగితే, అది సిలబస్‌లో లేదన్నారట. “మా ఖండానికి జబ్బని లోకమంతటికీ తెలుసు. చూడ్డానికి వచ్చినవాళ్ళు జబ్బు పక్కన నిలబడి ఫోటో దిగి పోతున్నారు. జబ్బుకే పరపతి పెరుగుతోంది,” అనేది నా మూత మీద దరువేస్తూ. ప్రజారోగ్యంలో ప్రజా, ఆరోగ్యం అని రెండున్నాయి. వీళ్ళకి సంధి విడదీయడం రాదు. ప్రజాని అటు లాగి, రోగాన్ని ప్రజల దగ్గర వదిలేసి, ‘ఆ’ అంటూ నోరు తెరుచుకుని నిలబడ్డారు.

ఇక అసలు సంగతి. ఆ జిల్లాలో ఒంటెలు తోలుకుని తిరిగే జనానికి తట్టు అంటుకుంది. తలుపుల్లేని చాపల ఇళ్ళకి తట్టకుండానే వచ్చే జబ్బు తట్టు. పక్క శిబిరంలో పిల్లలు పోయారని కబురొచ్చింది. ఇటుపక్క శిబిరంలో ఇదిల్ అమ్మమ్మ దహబో ఉంది. సోమాలీలో అమ్మమ్మని అయేయో అంటారు. ఆ ముసలామెని ఎరిగినవాళ్ళు మనలాగే అయ్యయ్యో అంటారు. ఆమె ఫోను చేసింది.

“ఎక్కడో వాన పడింది, మావాళ్ళు ఇళ్ళు విప్పి ఒంటెల మీద కట్టేస్తున్నారు. నువ్వు సూదిమందు తెస్తానన్నావని గురువారం దాకా ఆపాను. గడ్డి లేక అరిచే ఒంటెలకి సమాధానం చెప్పుకునేది నేను, నువ్వు కాదు.”

“వస్తా అయేయో. మాట.”

“మాట సరే. మనిషి రా.”

ఈ మందు గురించి ఒక్క ముక్క తెలిస్తే చాలు. తట్టు టీకా సీసాలో పొడిగా ఉంటుంది. బిడ్డ ఎదురుగా కూర్చున్నాక అందులో వేరే సీసా నీళ్ళు కలిపి పొడవాలి. కలిపాక ఆరు గంటలు దాటితే పారబోయాలి. పొడిగా ఉన్నంతసేపే అది మందు, తడిశాక గడియారం.

గురువారం పొద్దున నన్ను నింపుకుని ఇదిల్ బండెక్కబోతుంటే, జిల్లా సమన్వయకర్త షిర్వా అడ్డం వచ్చాడు. పెద్దవాడని అందరూ ఆయన్ని అదేర్ అంటారు, అంటే బాబాయి. ఆయనా ఆ జనంలోంచి వచ్చినవాడే, తల్లి ఇప్పటికీ ఒంటెల శిబిరంలోనే ఉంటుంది. ఆయన లెక్కలో సమన్వయమంటే అందర్నీ ఒకే వేదిక ఎక్కించడం. ముందు ప్రారంభోత్సవం, తర్వాతే ప్రయాణం అన్నాడు. మైదానంలో షామియానా, నా కోసం పట్టుగుడ్డ కప్పిన బల్ల.

“రిబ్బను కత్తిరించడం పాతబడిపోయింది ఇదిల్. ఈసారి పెద్దలంతా తలో సీసాలో నీళ్ళు కలుపుతారు. ఎంత బావుంటుందో చూడు!”

“అదేర్! కలిపితే ఆరు గంటలే!”

“ప్రసంగాలు గంటలో అయిపోతాయి.”

“దారి నాలుగు గంటలు.”

“ఇంకా గంట మిగిలిందిగా. అక్కడ నువ్వు టీ తాగొచ్చు.”

తెలుగునాట మందు కలపడమంటే ఏమిటో నేను మీకు చెప్పక్కర్లేదు. అక్కడా అంతే జరిగింది. మొదటి ఇద్దరు పెద్దలు కలిపేసరికి మిగతావాళ్ళకి మత్తెక్కింది. నగరాధ్యక్షుడు కలిపితే ఉపాధ్యక్షుడు ఊరుకుంటాడా? దాత ప్రతినిధి కలిపితే ఆయన భార్య కలపొద్దా? ఇదిల్ నా మూత మూస్తే ఒకరు తీశారు, మళ్ళీ మూస్తే ఇంకొకరు తీశారు. “అతిథుల ముందు పెట్టె మూస్తావా, పరువు తియ్యకు తల్లీ,” అని షిర్వా పళ్ళ బిగువున గొణిగాడు. సీసాల కంటే చేతులు ఎక్కువై చివరి సీసాని ఇద్దరు కలిసి పట్టుకుని ఊపారు. పొడి అయిపోయింది, పొడుగు ప్రసంగాలు మొదలయ్యాయి. ఆ సభలో నోరు మూసుకుని ఉండటం తెలిసినది నేనొక్కదాన్నే. నాదీ తెరిపించేశారు.

అప్పుడు విమానం దిగాడు ముఖ్య అతిథి, డాక్టర్ హెండ్రిక్. ఆలస్యానికి మన్నించమని, ‘సమయమే ప్రాణం’ అనే అంశం మీద గంటన్నర మాట్లాడాడు. మొదటి స్లైడు నాకు చూడకుండానే తెలుసు. ఈగల పిల్లాడు. తర్వాత కలిపేసిన సీసానే మళ్ళీ కలుపుతున్నట్టు ఊపి, కెమెరా వైపు నవ్వాడు.

ఫోటోల కోసం షిర్వా కూడా మా బండెక్కాడు. మేం శిబిరం చేరేసరికి ఎండ వాలింది. గడువు దారిలోనే చచ్చింది. ఇళ్ళు విప్పి ఒంటెల మీద కట్టేసి, జనమంతా మా కోసమే నిలబడి ఉన్నారు. ఒక తల్లి అందరికంటే ముందు తోసుకొచ్చి చంకలోని పిల్లాడి చెయ్యి చాపింది. వాడి పేరు వర్సమే. మంచి కబురు అని అర్థం.

బండి చాటున షిర్వా గుసగుసగా అన్నాడు: “కాస్తేగా దాటింది. పొడిచెయ్. ఎవరికి తెలుస్తుంది?”

“నాకు తెలుసుగా అదేర్. ఇందులో ఇప్పుడు ఏ పురుగు పెరుగుతోందో తెలీదు. ఎక్కిస్తే బిడ్డ ప్రాణం పోవచ్చు.”

“మరి ఫోటోల సంగతో?” అన్నాడు. నిజంగా అన్నాడు, నా మూత మీద ఒట్టు.

ఆ జనంలో ఒక పద్ధతుంది. బయటినుంచి వచ్చినవాళ్ళు ముందు కబురు చెప్పాలి. దారిలో చూసింది, విన్నది, చేసింది, అన్నీ. మధ్యలో ఎవరూ అడ్డు రారు. తర్వాత శిబిరం తన కబురు చెబుతుంది. ఎడారిలో ఎక్కడ నీళ్ళున్నాయో, ఎక్కడ చావుందో ఈ కబుర్ల వల్లే తెలుస్తుంది గనక అందులో కల్తీ చేసినవాడికి మళ్ళీ ఎవరూ కబురు చెప్పరు. కర్ర పట్టుకుని దహబో ముందుకొచ్చింది.

“కబురేమిటి?”

ఇదిల్ నన్ను నేల మీద పెట్టి మొత్తం చెప్పింది. షామియానా, పట్టుగుడ్డ, సీసాలు ఊపిన చేతులు, చచ్చిన గడువు. “మందు తెచ్చాను గానీ ఇది మందు కాదు. నా మాట పోయింది అయేయో,” అని ముగించింది. షిర్వా చెప్పుల వైపు చూసుకుంటున్నాడు. బహుశా అవి కూడా ఫోటోలో పడతాయేమోనని.

ముసలామె కర్ర కొసతో నా మూత తట్టింది. తర్వాత అంది: “పెళ్ళికూతురు రాకముందే విందు తినేసి, ఎంగిలి విస్తళ్ళు మోసుకొచ్చారన్నమాట. అంత చదువు చదివి, ఒక పెట్టె మూత మూసి ఉంచలేకపోయావు?”

“లేకపోయాను.”

“ఊఁ. ఇక మా కబురు విను.” వాన ఎటు పడిందో, ఏ వాగు పక్కకి పోతున్నారో, గుర్తుగా ఏ గుట్ట కనిపిస్తుందో వివరంగా చెప్పింది. వెనక మగవాళ్ళు గొణిగారు. గడ్డి ఉన్న చోటు కన్నకొడుకుకైనా తొందరగా చెప్పరు వాళ్ళు. “అబద్ధం చెప్పి పొడిచుంటే ఈ దారి నీకు తెలిసేది కాదు. పొడి ఉంటే రా. లేకపోతే రాకు,” అని దహబో కర్రతో ఒంటెని అదిలించింది. వర్సమే తల్లి వాడి చెయ్యి ఇంకా చాచే ఉంచింది. ఆఖరికి ఆ చేతిని వాడి చొక్కా లోపలికి తోసి నడిచింది.

మర్నాడు పట్నంలో ఇదిల్ కొత్త సీసాలడిగితే షిర్వా తల గోక్కున్నాడు. “ఆ శిబిరానికి టీకాలు వేసేసినట్టు నిన్న సభలోంచే పైకి లెక్క పంపేశాను కదా. నూటికి నూరు. వేసినవాళ్ళకే మళ్ళీ మందంటే పైవాళ్ళు ఏమంటారు?”

“పంపింది పంపారు. నేను మీ అమ్మగారి శిబిరం మీదుగా పోతున్నా అదేర్. కబురేమిటని అడుగుతారు. చెప్పక తప్పదు.”

ముఖం సున్నం కొట్టినట్టయింది ఆయనకి. మందుల ఫ్రిజ్ తాళంచెవి తీసి బల్ల మీద పెట్టి, “ఫోటోలు మాత్రం వద్దమ్మా,” అన్నాడు. జీవితంలో ఆయన ఆ మాట అనడం అదే మొదలు.

ఈసారి ఇదిల్ బిళ్ళలన్నీ గోళ్ళతో గీకేసింది. బండి బురదలో దిగబడితే ఎవరిదో ఒంటె అడిగి నన్ను దాని మీద కట్టింది. గుట్ట దాటేసరికి పచ్చగా వాగు, వాగు పక్కన చాపల ఇళ్ళు. దహబో అలాగే కర్రతో ఎదురొచ్చింది.

“కబురేమిటి?”

“పొడి పొడిగానే ఉంది అయేయో.”

ఆ మాటకి జనం కదిలారు. ఇదిల్ నా మూత తీసింది, ఒక సీసా తీసింది, మూసింది. కలిపింది, పొడిచింది. పిల్లలు గుక్కపట్టి ఏడ్చారు. అయిపోయిన సీసా పక్కన పెట్టి, మళ్ళీ తీసింది, మూసింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. చివరి బిడ్డ అయ్యాక ఆ తల్లి వచ్చి నిలబడింది. చంకలో ఎవరూ లేరు. అప్పుడు కబురు చెప్పే వంతు శిబిరానిది. దహబో నోరు తెరవబోతే, “నేను చెప్తాను,” అంది ఆమె.

“వర్సమే దారిలో పోయాడు. తట్టు.”

పద్ధతి ప్రకారం అడ్డు రాకూడదు. ఆమె చెప్పినదంతా, ఏ గుట్ట కింద పూడ్చారన్న దాకా, ఇదిల్ తలెత్తి విన్నది. తర్వాత నా మూత బిగించి, దాని మీద కూర్చుని, ముఖం కప్పుకుంది.

ఇప్పుడు నేనెక్కడున్నానంటారా? పెద్ద దేశంలో, ఆ సంస్థ ప్రధాన కార్యాలయం ముందు హాల్లో, అద్దాల అరలో ఉన్నాను. ఇదిల్ ఇంకో పెట్టె భుజాన వేసుకుని తిరుగుతోంది. దానికీ బిళ్ళల్లేవట. నాకు మాత్రం కొత్త బిళ్ళలు అంటించారు, మూత తీసి లోపల దీపం పెట్టారు. వెనక గోడ మీద డాక్టర్ హెండ్రిక్ సీసా ఊపుతున్న బొమ్మ. కింద ఇత్తడి పలక మీద, ఆ శిబిరంలో నూటికి నూరు మంది పిల్లలకీ ఈ పెట్టెతో టీకా అందిందని చెక్కారు. వచ్చేపోయేవాళ్ళు చదివి తలలూపుతారు. ఆ నూరులో వర్సమే కూడా ఉన్నాడు.