కింది నుంచి కోత

"కింది నుంచే కోస్తరు బిడ్డా. పోగొట్టుకోలేనిది పైన పెట్టు."

నేను విలేకరిగా చేరిన కొత్తలో వైకుంఠం సార్ నేర్పిన మొదటి పాఠం ఇది. మా పేపర్‌లో పాతబస్తీ పేజీకి ఆయనే ఇన్‌చార్జి. యాడ్ వచ్చి జాగా చాలకపోతే వార్తలో చివరి పేరాలు ఎగిరిపోతాయి. అందుకే అసలు సంగతి మొదటి వాక్యంలోనే ఉండాలి. "వివరాల్లోకి వెళితే" అని నేను నాన్చితే కోప్పడేవాడు. ఆయన నా గురువని నలుగురికీ చెప్పుకుని మురిసిపోయాను. ఎంత వెర్రిదాన్ని!

మొన్న శాలిబండలో తారిక్ సేఠ్ లక్క గాజుల కార్ఖానా అంటుకుంది. ఇషాక్ అనే కార్మికుడికి ఒళ్లు కాలింది. "వాడి బీడీతోనే మంట లేచింది" అని సేఠ్ పోలీసులకు చెప్పాడు. ఇషాక్ బీడీ ముట్టడు. అసలు సంగతి వేరే ఉంది. పండగ సీజన్లో సరుకు బయటికి పోతుందని సేఠ్ కార్మికులను లోపల పెట్టి బయట తాళం వేసుకుని వెళ్తాడు. ఆరోజు లోపల ఇషాక్ ఒక్కడే ఉన్నా అంతే చేశాడు. పక్కింటివాళ్లు తాళం పగలగొట్టి ఇషాక్‌ను బయటికి లాగారు. ఆ మాట వాళ్లే నాకు పేర్లతో సహా చెప్పారు.

ఇషాక్ భార్య ఖైసర్ బేగం నా చెయ్యి పట్టుకుంది.

"తాళం సంగతి రాయ్ బేటీ. పేపర్ల వస్తె పోలీసులు గూడ అడుగుతరు. లేకుంటె తప్పంత మా ఆయన మీదనే ఏస్తరు."

"ఫికర్ జెయ్యకు ఖాలా. మొట్టమొదలు అదే రాస్త."

అలాగే రాశాను. "బయట తాళం, లోపల మంటలు. తప్పించుకునే దారి లేక గాజుల కార్మికుడు ఇషాక్ తీవ్రంగా గాయపడ్డాడు." బీడీ వల్ల మంట లేచిందని సేఠ్ చెబుతున్నట్టు చివర్లో ఒక ముక్క చేర్చాను. రెండో పక్షం మాట కూడా ఉండాలి కదా. సార్ ఫోన్ చేసి మరీ మెచ్చుకున్నాడు.

"మస్తుంది బిడ్డా ఇంట్రో. ఇగ నాకిడిసిపెట్టు."

విడిచిపెట్టాను.

తెల్లారి పేపర్ చూస్తే నా కళ్లను నేనే నమ్మలేకపోయాను. "శాలిబండలోని ఓ గాజుల కార్ఖానాలో అగ్నిప్రమాదం సంభవించింది. కార్మికుడి బీడీ వల్ల మంటలు చెలరేగినట్లు తెలిసింది. అగ్నిమాపక సిబ్బంది సకాలంలో స్పందించడంతో పెను ప్రమాదం తప్పింది." అంతే. దాని కింద పండగ ఆఫర్ల యాడ్. దుకాణం తారిక్ సేఠ్‌దే.

వెంటనే సార్‌కు ఫోన్ చేశాను.

"పైది కిందికి, కిందిది పైకి జరిపిన, గంతే," అన్నాడు సార్. "కింద జాగ సాలలె, పోయింది. నేను కావాలని తీసిన్నా?"

"'సేఠ్ చెప్పిండు' అన్న మాట ఏడ పోయింది సార్?"

"దిద్దేటప్పుడు గట్ల ఒకటి రెండు మాటలు పోతయ్ బిడ్డా. సేఠ్ యాడొస్తదని నిన్న పొద్దుగాలనే చెప్పిండ్రు. నన్నేం జెయ్యమంటవ్?"

నిన్న పొద్దుటే! అంటే నన్ను మెచ్చుకునేటప్పటికే ఆయనకు అంతా తెలుసు. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఏమిటో ఆ క్షణంలో తెలిసొచ్చింది. ఆయన నాకు నేర్పిన పాఠాన్ని తిరగేసి నా మీదే వాడాడు.

ఫోన్ పెట్టేసరికి ఖైసర్ బేగం లాల్‌దర్వాజాలో మా ఇంటి గుమ్మం ముందుంది. చేతిలో అప్పుడే కొన్న పేపర్. ఆమెకు తెలుగు చదవడం రాదు.

"నువ్వే రాసినవ్, నువ్వే సదువు బేటీ. దవఖానల ఆయనకు జెప్పాలె."

లేనిది ఉన్నట్టు చదివితే ఆ పూటకు గండం గడిచేది. కానీ సార్ నాకు చేసిన పని నేను ఆమెకు చేయలేను. ఉన్నదున్నట్టు చదివాను. ఆమె కళ్లు చిట్లించి వింటూనే ఉంది, తాళం కోసం.

"ఆగే పఢో, ముందుకు సదువు," అంది.

"అయిపోయింది ఖాలా."

"తాళం?"

"నేను రాసిన ఖాలా. ఒట్టు, పైననే రాసిన. మా సార్ మోసం జేసిండు."

ఆమె నా మొహంలోకి చూసింది.

"నీ సార్‌ను నేను ఎన్నడు సూడలె బేటీ. నమ్మింది నిన్ను."

పేపర్ నా చేతిలోనే వదిలేసి, బుర్ఖా సర్దుకుని మెట్లు దిగింది.

"రేపు పోలీసులు గిదే జూపిస్తరు," అంది, వెనక్కి తిరగకుండానే.