ఆ ఐదు గోల్స్ ఎవరివి?

మా అల్లుళ్ళిద్దరూ ఫుట్‌బాల్ కోచ్‌లే. ఒకే క్లబ్బుకి ఒకరి తర్వాత ఒకరు హెడ్ కోచ్‌గా చేశారు. ఆ క్లబ్బు మైదానం చూసుకునేవాణ్ణి నేను. గడ్డి కోయడం, గీతలు వేయడం, నీళ్ళు పెట్టడం నా పని. పెద్దల్లుణ్ణి తీసేసి చిన్నల్లుడికి ఆ కుర్చీ ఇచ్చిన రోజు నుంచీ, నాలుగేళ్ళుగా, తోడల్లుళ్ళిద్దరూ ఉప్పూ నిప్పూ. తర్వాత చిన్నవాణ్ణీ పంపేశారు. ఇప్పుడు ఆ ఉద్యోగం మళ్ళీ ఖాళీ అయితే ఇద్దరూ మాకంటే మాకన్నారు.

సోమవారం ఉదయం క్లబ్బు కార్యదర్శి వాళ్ళను తన గదికి పిలిచాడు. అప్పటి సంగతులు తెలిసినవాణ్ణని నన్నూ కూర్చోమన్నాడు. బల్ల మీద ఒకే కాగితంలో ఇద్దరి లెక్కలూ ఉన్నాయి.

“పదిహేడేసి గెలుపులు, పన్నెండేసి ఓటములు. కవలల్లా ఉన్నారయ్యా! ఓటములు తక్కువున్నవాళ్ళకే ఉద్యోగమని అధ్యక్షులవారి మాట. ఒక్క మ్యాచే తేలడం లేదు. ఐదు గోల్స్ తేడాతో ఓడాం చూడండి, అది ఎవరిది?”

“నాది కాదు,” అన్నారిద్దరూ ఒక్కసారే.

“ముందురోజు సాయంత్రమే నన్ను పొమ్మన్నారు. తెల్లారి జరిగినదానితో నాకేం సంబంధం?” అన్నాడు పెద్దల్లుడు.

“రెండేళ్ళు జట్టుని నాశనం చేసిందెవరు అన్నగారూ? మీ తుప్పు ఒక్క పూటలో నేను వదిలించాలా?”

“ఆ రోజు ఆడినవాళ్ళ జాబితా మీద సంతకం నీదే కదా తమ్ముడూ. చేతకాలేదని ఒప్పుకో.”

“బంతి కదిలితే కదా! గోల్ పోస్టుల ముందు అంతా బురద. అడుగేస్తే బూటు ఊడొచ్చింది.”

పెద్దల్లుడు కార్యదర్శి వైపు తిరిగి నవ్వాడు. “ఆడలేక మద్దెల ఓడన్నాట్ట. ఆ వారమంతా చినుకు పడలేదు సార్. బురదెక్కడిది?”

ఆ బురద నా చేతిదే. ముందురోజు మధ్యాహ్నం పెద్దల్లుడే వచ్చి, “అవతలివాళ్ళు గుర్రాల్లా పరిగెడతారు మామయ్యా, పోస్టుల ముందు బాగా నీళ్ళు పట్టండి. మన పొడుగువాళ్ళు గాల్లో ఆడతారు,” అన్నాడు. పట్టాను. సాయంత్రానికి అతని ఉద్యోగం పోయింది. పొద్దున్న చిన్నల్లుడు వచ్చి పొడుగువాళ్ళను పక్కన కూర్చోబెట్టి, నేల మీద చకచకా బంతి అందించుకునే పొట్టివాళ్ళను దింపాడు. పైకి గడ్డి పచ్చగానే ఉంది. అతనికి తెలియలేదు. నేను చెప్పలేదు. ఇద్దరు కూతుళ్ళ తండ్రి ఎటూ మాట్లాడకపోవడమే ధర్మమనుకున్నాను. రోజూ దేవుడికి దండం పెట్టుకునేవాణ్ణే. నోరు మూసుకోవడమూ అబద్ధమేనా స్వామీ అని ఒక్కనాడూ అడగలేదు.

“నీళ్ళు పట్టింది నేను,” అన్నాను. “పట్టమన్నది పెద్దల్లుడుగారు.”

పెద్దల్లుడి మొహం ఎర్రబడింది. “కందకి లేని దురద కత్తిపీటకెందుకు మామయ్యా? నేనెప్పుడు చెప్పాను?”

“పోస్టు దగ్గర నిలబడి చెప్పారు. మెడలో ఈల కూడా ఉంది.”

“వయసు మీద పడింది సార్. ఆయన మాటలు పట్టించుకోకండి.”

కార్యదర్శి విసుక్కున్నాడు. “నీళ్ళకి ఇందులో గడి లేదు పెద్దాయనా. సంతకం ఎవరిదైతే మ్యాచ్ వాళ్ళది.” చిన్నల్లుడి పేరు కింద పన్నెండు కొట్టేసి పదమూడు రాశాడు.

చిన్నల్లుడు మెట్ల మీద నాకోసం ఆగాడు.

“అంటే ఆ రోజు మీకు తెలుసు.”

“తెలుసు నాయనా.”

“మీ ఇంట్లో భోజనానికి కూర్చున్న ప్రతిసారీ ఆయన ఆ ఐదు గోల్స్‌తో నన్ను పొడిచాడు. మీరు తల వంచుకుని తిన్నారు. నాలుగేళ్ళు! ఉద్యోగం ఇంకోచోట వెతుక్కుంటాను. మీ గడప మాత్రం తొక్కను మామయ్యా.”

బండి తీసుకుని వెళ్ళిపోయాడు. వేళ మించాక చెప్పిన నిజం ఎవరికి పనికొచ్చినట్టు? అలాగని ఇవాళ కూడా మింగి ఉంటే ఏ మొహంతో చేతులు జోడించేవాణ్ణి?

పెద్దల్లుడు మెట్లు దిగి వచ్చాడు. అంతలోనే గొంతులో తేనె. “ఇంటి సంగతులు ఇంట్లోనే ఉండాలి మామయ్యా, ఇక మర్చిపోండి. స్టోరు గది తాళమివ్వండి, బంతులు చూసుకోవాలి.”

స్టోరు గదిది విడదీయలేదు. గేటుది, పంపు గదిది, అన్నీ ఉన్న గుత్తి అలాగే అతని చేతిలో పెట్టాను.

“ఇదేంటి?”

“ఇంకో మనిషిని చూసుకోండి అల్లుడుగారూ. అతనికి ఏం చెప్పినా కాగితం మీద రాసివ్వండి.”