ఆలూబుఖారా వాసన

నా భార్య జేలీని చంపింది మా దొర. ఇరవై రెండేళ్లుగా, ఫ్రాన్సు దక్షిణాన ఉన్న మా గస్కోనీ పల్లెలో అందరికీ తెలిసిన సంగతే. నేనే చెప్పాను, అందరూ నమ్మారు.

ఇవాళ పొద్దున దొర కొడుకు పట్నం వ్యాపారిని వెంటబెట్టుకొచ్చి, 1931 అని సుద్దతో రాసివున్న పీపా తెరవమన్నాడు. ద్రాక్షతోట వాళ్లది, చాకిరీ మాది, బ్రాందీలో సగం సగం.

ద్రాక్ష వైనును బ్రాందీగా కాచే చక్రాల బట్టీ ఏడాదికోసారి కమతం నుంచి కమతానికి తిరుగుతుంది. వంతు వచ్చినవాడే తన గుర్రంతో లాక్కుపోవాలి. ఆ ఏడు నా వంతు రోజున జేలీకి జ్వరం, ఊపిరాడటం లేదు. ఉన్నది ఒక్క గుర్రం. పక్క కమతం సిల్వేర్ గుమ్మంలోకి వచ్చాడు.

"బావా, గుర్రాన్ని డాక్టరు కోసం తోలు. ముందు నాది కాచుకుంటా, రెండ్రోజులాగి నువ్వు కాచుకో."

"నీది వైనొక్కటేనా?"

"నాలుగు బుట్టల ఆలూబుఖారా కూడా పులియబెట్టాను, అదీ కాస్తా."

"ఆ వాసన బట్టీ రాగికి పట్టిందంటే నా బ్రాందీ ఎవడు తాగుతాడు?"

"కడిగిస్తానయ్యా! పెళ్లాం ఊపిరి కంటే నీ ముక్కు ఎక్కువైందా?"

లోపల్నుంచి జేలీ అంది: "పోనీలే, బట్టీకే వెళ్లు. సాయంత్రానికి తగ్గుద్ది."

ఆ మాట పట్టుకుని గుర్రాన్ని బట్టీకి కట్టాను. మధ్యాహ్నానికి మా వాకిట్లో మొదటి ధార దిగింది. నీళ్లంత తేట, పరాయి వాసన లేదు. వేలితో నాకి చూసి మురిసిపోయాను. లోపల జేలీ అప్పటికే పోయింది.

వాసన వస్తే దొర కమతం ఖాళీ చేయించేవాడేమో. గుర్రాన్ని ఆయనే బట్టీకి కట్టించాడని ఊరికి చెప్పాను. ఆ రోజు ఆయన ఊళ్లోనే లేడు. నేను అడగనూ లేదు.

వ్యాపారి గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"ఆహా, ఎండిన ఆలూబుఖారా! పళ్లేమైనా కలిపావా పెద్దాయనా?"

దొర కొడుకు నవ్వాడు. "ముసలోడు పళ్లని గడప తొక్కనిస్తాడా? ఓక్ చెక్క పీపాలో ఇన్నేళ్లుంటే దానంతటదే వచ్చే వాసనండీ."

ఆ సంగతి జేలీ జ్వరంతో ఉన్న ఆ ఉదయం కూడా నాకు తెలుసు.

"ఆ ఏడు ఏం చేశావో చెప్పు, సీసా మీద అచ్చేయిస్తాం" అన్నాడు వ్యాపారి.

పీపాకు బిరడా పెట్టి సుత్తితో కొట్టాను.

"ఆ ఏటి మాట ఇంకెప్పుడూ నా నోట రాదు. ఎవరూ అడగొద్దు."