లౌరో ఒర

నికాసియో సొరబుర్రలో మాతే తేనీటి ఆకు నింపి, వేడినీళ్ళు పోసి, మొదటి గుక్క గుమ్మం బయట నేల మీద ఒంపాడు. అది తమ్ముడు లౌరో వంతు. తర్వాత తన కత్తిని సానరాయి మీద రెండువైపులా గీశాడు. సానపట్టీ సానపట్టీ అది ఈనుపుల్లంత మిగిలింది. దాన్ని నడుము వెనక దోపుకున్నాడు. కంచె తీగలు లాగి లాగి ఆయన వేళ్ళు వంకర్లు పోయాయి, ఒక భుజం కిందికి ఒరిగింది. తను పనిచేసే పశువుల దొడ్డికి యజమానులు ముగ్గురు మారినా ఆయన మారలేదు. కంచె తెగినప్పుడు తప్ప ఆయనున్న సంగతి ఎవరికీ గుర్తు రాదు.

తలుపు పక్క మేకుకు ఖాళీ తోలు ఒర ఒకటి వేలాడుతోంది. ముప్పై ఏళ్ళ కిందట వరదలో పశువుల్ని దాటిస్తూ లౌరో తకువరీ ఏట్లో పోయాడు. శవం దొరికింది. నడుముకు ఒర ఉంది గాని ఒరలో కత్తి లేదు. అప్పటినుంచి రోజూ తెల్లవారేవేళ, నికాసియో గుర్రానికి జీను వేస్తుంటే, లౌరో దొడ్డి గేటు దగ్గర నిలబడతాడు. ఏమీ అడగడు. చెయ్యి వెనక్కు పోనిచ్చి నడుము తడుముకుంటాడు. ఈ సంగతి వంటమనిషి దెల్మీరాకు ఒక్కదానికే తెలుసు.

ఆ కత్తి దెల్మీరా ఫోన్‌లోనే కనబడింది, పాత కత్తులు అమ్మేచోట. జింకకొమ్ము పిడి, మూడు ఇనప మేకులు, నాలుగోది ఇత్తడిది. ఆ ఇత్తడి మేకు కొట్టింది నికాసియోనే, అదీ వంకరగా. కరువు ఏడాది ఏటి ఇసుకలో తమ తాతకు దొరికిందని అమ్మేవాడు రాశాడు. మేలో అనే పట్నం కుర్రాడెవరో.

దెల్మీరా తొందరపడలేదు. "ఫోన్‌లో బొమ్మ ఒకటి, పెట్టెలో వచ్చేది ఇంకొకటి బాబాయ్. మా తమ్ముడు మేలిరకం ఉక్కు కత్తని తెప్పించుకుంటే గొర్రెతోలుకే వంగి ఊరుకుంది. పక్కన మనం చెప్పిన వస్తువు పెట్టి ఫొటో తియ్యమందాం. దొంగబొమ్మ అయితే తియ్యలేడు" అంది.

నారింజపండు పెట్టమన్నారు. పెట్టి తీశాడు. అదే కత్తి. నికాసియో రెండోవైపు చూపించమన్నాడు. ఆ తర్వాత వీపు, ఆ తర్వాత మొన. చలికాలమంతా ఇదే తంతు. అనుమానం పెనుభూతమంటారు గాని, ఆయనది అనుమానం కాదు.

ఈ పొద్దున దెల్మీరా పొయ్యి దగ్గర మాంసం తిప్పుతూ, పెళ్ళిచూపుల్లో పిల్లని కూడా ఇన్నిసార్లు చూడరని దెప్పింది. ఆ కుర్రాడికి విసుగొచ్చిందట. మధ్యాహ్నంలోగా తేల్చకపోతే ఇంకెవరికో ఇచ్చేస్తాడట.

"ముక్క మాడుతోంది, చూసుకో" అన్నాడు నికాసియో.

ఆయనకు భయం. కత్తి చేతికొస్తే లౌరో పుచ్చుకుని తన దారిన పోతాడు. పెళ్ళాం లేదు, పిల్లల్లేరు. ముప్పై ఏళ్ళుగా పొద్దున్నే తనకోసం వచ్చే మనిషి లోకంలో వాడొక్కడే. చచ్చినవాడైతేనేం, వస్తున్నాడు కదా.

జీను వేస్తుండగా గేటు వైపు చూశాడు. లౌరో ఉన్నాడు. ఎప్పుడూ నిటారుగా నిలబడేవాడు, ఇవాళ గుంజకు ఆనుకున్నాడు. చెయ్యి నడుము దాకా పోయి, తడమకుండానే జారిపోయింది. నికాసియో గుర్రాన్ని వదిలి వంటింటి గుమ్మంలోకి వచ్చాడు.

"కొనెయ్యి అమ్మాయీ. ఎన్నాళ్ళని నిలబెడతాను వాణ్ణి."

దెల్మీరా ఫోన్ తీసింది. ఆయన కళ్ళు తుడుచుకుని కంచె పనికి పోయాడు.

సాయంత్రం గుర్రం ఒక్కటే తిరిగొచ్చింది. వెళ్ళి చూస్తే నికాసియో కంచె గుంజకు ఆనుకుని కూర్చున్నాడు, టోపీ ఒళ్ళో ఉంది. తెగిన తీగ బిగించేశాడు. ఒళ్ళు అప్పటికే చల్లబడింది. తమ్ముడి పక్కనే పాతిపెట్టారు.

ఆ తర్వాత బస్సులో పొట్లం వచ్చింది. దెల్మీరా జాగ్రత్తగా విప్పింది. మోసం లేదు, ఇత్తడి మేకు వంకరగానే ఉంది. నికాసియో తలుపు పక్క మేకుకున్న ఒర తీసి కత్తి దింపింది. ముప్పై ఏళ్ళు ఖాళీగా ఉన్న తోలు ముడుచుకుపోయింది, ఎంత నొక్కినా చివరిదాకా పోనివ్వలేదు. ఎక్కడిదక్కడ తగిలించింది.

మర్నాడు తెల్లవారుతుండగా మాతే మొదటి గుక్క ఆ గుమ్మం బయట ఒంపి, గేటు వైపు చాలాసేపు చూసింది. ఎవరూ లేరు. ఆమె వెనక, మేకుకు, లౌరో కత్తి ఒరలో పూర్తిగా దిగకుండా, వేలెడు ఉక్కు బయట పెట్టుకుని వేలాడుతోంది.