సున్నా దగ్గర చలి

ఆ ఇంట్లో గొడవంటూ ఉంటే అది ఫ్యాను గొడవే. కోడలు స్విచ్ వేస్తుంది, అత్తగారు ఆపేస్తుంది. బయట ఎండలు మండిపోతున్నా సరే, పనినుంచి వచ్చిన అత్తగారు స్వెట్టర్ విప్పదు, కాళ్ళ మేజోళ్ళు తియ్యదు, ముందుగదిలో ఫ్యాను తిరగనివ్వదు. చాదస్తం అని కోడలి తీర్పు. మొగుడికి మొర పెట్టుకుంటే, ఆ మహానుభావుడు తల్లినీ అనలేక, పెళ్ళాన్నీ కాదనలేక, చెప్పులు వెతుక్కుంటూ వీధిలోకి జారుకునేవాడు.

ఆ ఉక్కలోనే, పైటచెంగుతో మెడ తుడుచుకుంటూ, కోడలు "అబ్బ, ఏం చలి! ఎంత మంచు!" అని స్వీడిష్‌లో వల్లె వేసేది. విన్నవాళ్ళు నవ్వక ఏం చేస్తారు?

నవ్వినా ఆ పిల్ల మానలేదు. ఏడాదిపాటు సాయంత్రం క్లాసులకి వెళ్ళి ఆ భాష నేర్చుకుంది. లోకంలో ఇంకే భాషా దొరకలేదా అని చుట్టాలందరూ వెక్కిరించారు. చదువవగానే పెళ్ళి, పెళ్ళవగానే వంటిల్లు. ఇన్నాళ్ళకి తనదంటూ ఒక ఉద్యోగం వచ్చింది. స్వీడన్‌లో ఇళ్ళని వెచ్చగా ఉంచే మిషన్లు చెడిపోతే అక్కడివాళ్ళు ఫోన్ చేస్తారు. ఆ ఫోన్ ఎత్తేది ఇక్కడ ఆఫీసులో కూర్చున్న మన కోడలు. ట్రయల్ గడువు దగ్గరపడింది. ఉంచుతారో, ఇంటికి పంపిస్తారో తేల్చాల్సింది ట్రైనర్. తప్పుకో మార్కు కోస్తుంది గనక ఆవిడకి ఆఫీసంతా పెట్టుకున్న పేరు మైనస్ మేడమ్.

"మిషన్ సంగతి నీకు బాగానే తెలుసు. కానీ వాళ్ళు ముందు మిషన్ ఊసెత్తరు. వాతావరణం మాట్లాడతారు. అక్కడ తడబడ్డావా, ఇక నిన్ను నమ్మరు" అనేది మేడమ్.

కోడలికి ఇది మింగుడుపడేది కాదు. వాళ్ళ కిటికీలోంచి వాళ్ళకి కనబడే మంచు గురించి మళ్ళీ తనకి చెప్పడమెందుకు? అయినా ఉద్యోగం కావాలి కదా. చలిగా ఉంది, మంచు పడుతోంది, గాలి వీస్తోంది, అన్నీ బట్టీ పట్టేసింది.

ఒకరోజు ఒక పెద్దావిడ ఫోన్ చేసింది. పక్కసీట్లో మేడమ్ హెడ్‌సెట్ పెట్టుకుని వింటోంది.

"నిన్నటిదాకా మైనస్ పది డిగ్రీలు ఉందమ్మా. ఇవాళ సున్నాకి వచ్చింది. పైగా వాన" అంది పెద్దావిడ.

మైనస్ పది కంటే సున్నా నయమే కదా! కోడలు ఎగిరి గంతేసినంత పనిచేసింది.

"చాలా సంతోషమండీ! వేడెక్కిందన్నమాట. హాయిగా అలా నడిచి రండి!"

"నేను గడప దాటలేకపోతున్నానమ్మా" అని ఆ ముసలావిడ మిషన్ నంబరు చెప్పి ఫోన్ పెట్టేసింది.

మేడమ్ హెడ్‌సెట్ తీసి బల్లమీద పెట్టింది. "కాలు జారి పడతానేమోనని ఆవిడ భయపడుతుంటే నడిచి రమ్మంటావా? స్లాస్క్, హల్కా, ఈ మాటలు చదవలేదా నువ్వు?"

"చదివాను మేడమ్. స్లాస్క్ అంటే కరిగి బురదైన మంచు. హల్కా అంటే కాలు జారే నేల." గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పింది.

"బాగా చదివావు. సోమవారం ఇంకొక్క కాల్ వింటాను. అదే ఆఖరు."

ఆ సాయంత్రం అత్తగారు తలుపు తీసుకుని లోపలికొస్తే, కోడలు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని గోడకేసి చూస్తోంది. నెత్తిమీద ఫ్యాను ఆగి ఉంది. కోడలు తనంతట తాను ఫ్యాను ఆపిందంటే మాటలా? అత్తగారికి నిజంగానే భయమేసింది.

"ఏమే, ఒంట్లో బాగాలేదా?"

కోడలు కళ్ళనీళ్ళు పెట్టుకుని జరిగిందంతా చెప్పింది. అత్తగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది.

"ఓసి పిచ్చిమొహమా! సున్నా దగ్గర నడిచి రమ్మన్నావా? ఇంకా నయం, పరిగెత్తమనలేదు!"

"మీకు నవ్వులాటగా ఉంది అత్తయ్యా. మీరేమన్నా మంచు చూశారా, చలి చూశారా?"

"మరి రోజూ నేను చేసేదేంటే?"

కోడలు తెల్లబోయింది. అత్తగారు కోల్డ్ స్టోరేజీలో పనిచేస్తుందని పెళ్ళిచూపులనాడే తెలుసు. తెలుసు, అంతే. అక్కడ ఎలా ఉంటుందని ఏనాడూ అడిగిన పాపాన పోలేదు.

"ఆదివారం నీకు సెలవేగా, నాతో రా. మేస్త్రీకి నేను చెప్పుకుంటాలే" అంది అత్తగారు.

ఆదివారం అత్తగారు తన పాత కోటు, ఉన్ని టోపీ కోడలికి తొడిగి, మందపాటి తలుపు లాగింది. లోపల మైనస్ పద్దెనిమిది. ముక్కులోపల చిటపటమంది. కనురెప్పలు బిగుసుకున్నాయి. నేలనుంచి కప్పుదాకా బఠాణీ సంచుల పెట్టెలు. గొట్టాలమీద తెల్లగా, పొడిగా, ఉప్పు చల్లినట్టు మంచు.

"ఇది పొడి చలి. ఒళ్ళంతా కప్పుకుంటే నిన్నేం చెయ్యదు. నడు, కాలు జారదు" అంది అత్తగారు.

నిజమే, జారలేదు. తర్వాత పక్కగదికి తీసుకెళ్ళింది. గడ్డకట్టిన మంచు వదిలించడానికి అక్కడ మిషన్ ఆపేశారు. గోడమీద చలి కొలిచే ముల్లు సున్నా చూపిస్తోంది. కప్పునుంచి నీళ్ళు చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి. కింద మంచు, దానిపైన నీళ్ళు. కోడలు ఒక్క అడుగు వేసిందో లేదో, రెండు కాళ్ళూ చెరో దిక్కుకి పోయాయి. అత్తగారు చటుక్కున చెయ్యి పట్టుకోకపోతే నడుము విరిగేదే.

"చూశావా? మైనస్ దగ్గర మంచు రాయిలా ఉంటుంది. సున్నా దగ్గర మోసం చేస్తుంది. ఇక్కడే పడ్డాన్నేను. ఈ మోకాలు అప్పటిదే. ఈ తడి చలి ఉంది చూడు, ఎముకల్లోకి దిగి కూర్చుంటుంది. ఇంటికొచ్చినా పోదు."

కోడలు మేజోళ్ళలోంచి పైకెక్కుతున్న చలిని తట్టుకుంటూ నిలబడింది. ఇంటికొచ్చినా పోదు. ఎన్ని సాయంత్రాలు ఆ ఎముకల మీద ఫ్యాను వేసింది తను! సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

"నాతో ఎప్పుడూ చెప్పలేదేం అత్తయ్యా?"

"నువ్వడిగితేగా!" అంది అత్తగారు. కోపంగా అనలేదు. ఆ మాట ఇంకా గుచ్చుకుంది.

సోమవారం వచ్చింది. మేడమ్ హెడ్‌సెట్ పెట్టుకుంది. ఫోన్ చేసినాయన ముక్తసరి మనిషి.

"ఇక్కడ సున్నా" అన్నాడు. అంతే, ఇంకో ముక్క లేదు.

బట్టీ పట్టిన మాటలేవీ కోడలి నోటికి రాలేదు. మోకాలు గుర్తొచ్చింది. "ఉష్!" అంది. మనం అబ్బా అన్నచోట వాళ్ళు ఉష్ అంటారు. "వానా మంచూ కలిసి పడుతున్నాయా? మెట్లన్నీ జారుతుంటాయే! ఆ తడి చలికంటే మైనస్ పద్దెనిమిదే నయమండీ. జాగ్రత్త, గోడ పట్టుకుని దిగండి."

మేడమ్ పెన్ను మూత తీసింది.

"నువ్వు ఏ ఊళ్ళో ఉంటావమ్మాయ్?" అన్నాడాయన.

"మాకిక్కడ ఒకటే ఎండలండీ. ఈ చలి సంగతి మా అత్తగారు చెప్పింది."

ఆయన పకపకా నవ్వాడు. ఇక ఆగితే ఒట్టు. పొద్దున మెట్లమీద ఇసక చల్లుకోవడం, ఉత్తరాల పెట్టెదాకా వెళ్ళలేక తిరిగి రావడం, చచ్చిపోయిన భార్య చలికాలంలో ఎప్పుడూ తన చెయ్యి పట్టుకునే నడిచేదనడం, అన్నీ చెప్పుకొచ్చాడు. కోడలు కథ వినే పిల్లలా ఊఁ కొడుతూ కూర్చుంది. వాళ్ళడిగేది ఆ ఊఁ ఒక్కటేనని అప్పటికి బోధపడింది. ఆఖరికి మిషన్ సంగతి తనే గుర్తుచేయాల్సి వచ్చింది.

మేడమ్ పెన్ను మూత పెట్టేసింది. ఒక్క మార్కూ కొయ్యలేదు.

"రేపట్నుంచి నీది ట్రయల్ కాదు" అంది. లేవబోతూ ఆగింది. "ఇంతకీ మీ అత్తగారు ఎక్కడ నేర్చుకున్నారు స్వీడిష్?"

"ఆవిడకి రాదు మేడమ్. చలి వచ్చు."

సాయంత్రం అత్తగారు వచ్చేసరికి కోడలు కాళ్ళకి వేణ్ణీళ్ళు సిద్ధంగా పెట్టింది. శుభవార్త నాలుక చివరిదాకా వచ్చింది. ఆపుకుంది.

"ఇవాళ లోపల ఎలా ఉంది అత్తయ్యా?"

అత్తగారు చెప్పు విప్పబోతూ నిలబడిపోయింది. మొగుడు పోయి, కొడుకు పెద్దవాడై, ఆ చలిగది తలుపులోంచి ఇన్నేళ్ళుగా రోజూ బయటికొస్తున్నా, ఆ ప్రశ్న అడిగినవాళ్ళు లేరు.

"ఎలా ఉంటుందే, ఎప్పుడూ ఉండేదే" అంది. మేజోళ్ళు విప్పి కాళ్ళు నీళ్ళలో పెట్టుకుంది. కాసేపాగి, "ఇవాళ పెద్దగది తలుపు సరిగ్గా పడలేదు. ఆవిరంతా లోపలికొచ్చి..." అని మొదలుపెట్టింది. చలి వేళ్ళలో మొదలై మోచేతిదాకా ఎలా ఎక్కుతుందో చెప్పింది. కోడలు నేలమీద కూర్చుని ఊఁ కొట్టింది. నీళ్ళు చల్లారిపోయినా ఇద్దరూ చూసుకోలేదు.

"అది సరే గానీ, నీ ఫోను సంగతేమైంది?"

"ఉంచేసుకున్నారు అత్తయ్యా!"

"ఓసి నీ దుంపతెగ! అది కదే ముందు చెప్పాల్సింది!" అంటూ అత్తగారు కోడలి గడ్డం పట్టుకుంది. వేళ్ళకి చెమట తగిలింది. ఆ పిల్ల మెడా, జాకెట్టూ తడిసి ముద్దయి ఉన్నాయి. అత్తగారు లేచి, స్వెట్టర్ గుండీలు మెడదాకా పెట్టుకుని, శాలువా ఒకటి కప్పుకుని, స్విచ్ దగ్గరికి నడిచింది.

ఫ్యాను కిర్రుమంటూ కదిలింది.

"ఒకటి మీదే ఉంటుంది. రెండు మీద పెట్టావంటే ఊరుకోను" అంది అత్తగారు.