మడుగుకు చెప్పిన వరస

తడిమట్టి వాసన.

వాన మొహం చూసి ఎన్నాళ్లయిందో ఎవరికీ గుర్తు లేదు. ఎర్రమట్టి గాలికి లేస్తోంది, గాలి ఆగగానే లేచినచోటే కూలబడుతోంది. గడ్డి ముట్టుకుంటే విరుగుతోంది. కుక్కలు నీళ్ల ట్యాంకు కింది నీడ కోసం కొట్లాడుకుంటున్నాయి. అయినా ఇంట్లో తడిమట్టి వాసన.

మేవిస్ ఆ వాసన వెంట నడిచింది.

వంటింట్లో లేదు. వరండాలో లేదు. కూతురి గదిలో ఉంది. కూతురి బూట్లలో ఉంది.

బూటు వంచితే నీళ్లు కారాయి — చల్లటి నీళ్లు. అడుగున నల్లటి బురద.

ఈ నేల ఎరుపు. నల్లబురద ఉన్నది ఒక్కచోటే, కొండ వెనక మడుగులో. ఎంత కరువొచ్చినా ఎండని మడుగు. బతికున్న నీళ్లు అంటారు దాన్ని. అందులో ఉన్నదాని పేరు ఎవరూ పలకరు. ఉందని మాత్రం అందరికీ తెలుసు.

మేవిస్ బూట్లను ఎండలో బోర్లించింది. టీ పెట్టింది. చక్కెర వెయ్యకుండానే తాగేసింది.

కూతురు షనెల్ క్లినిక్‌లో పని ముగించుకుని వచ్చి ఆ బూట్లు చూసింది. నవ్వింది.

"పైపేదో పగిలినట్టుందమ్మా. హౌసింగోళ్లకు ఫోన్ చేస్తాలే. వాళ్లొచ్చే లోపు నాకు మనవలు పుడతారు."

ఆ ఇంట్లో ఆ పక్కన పైపే లేదు. అది ఇద్దరికీ తెలుసు.

తెల్లారి తలగడ తడిసింది. ఆ మర్నాడు జడ. పిండితే కారేంత తడి. అప్పుడిక షనెల్ నవ్వలేదు. తల్లి పక్కన కూచుని, గోళ్లు చూసుకుంటూ మెల్లగా చెప్పింది.

"కలలో ఎవరో అడుగుతున్నారమ్మా. కొడుకేడీ, కొడుకేడీ అని. నాకు కొడుకులెక్కడున్నారే?"

మేవిస్ అన్నకూ ఇదే కల వచ్చింది.

అన్న పశువుల కంచె బాగుచేయడానికి వెళ్లాడు. ట్రక్కు వెనక పడుకుని కనిపించాడు. నిద్రపోతున్నట్టే ఉన్నాడు. చుట్టూ ఎటు చూసినా ఇసుక. ఊపిరితిత్తుల నిండా నీళ్లు. పట్నం డాక్టరు ఏం రాయాలో తెలియక పెన్ను మూసి జేబులో పెట్టుకున్నాడు. అన్నకంటే ముందు చిన్నాన్న. గుర్రం మీదే, జీను మీదే, మునిగిపోయాడు.

తరానికి ఒకరు. ఈ తరంలో ఉన్నది షనెల్ ఒక్కతే.

ఇదంతా మేవిస్ తాత చేసిన మర్యాద వల్ల వచ్చింది.

తాత రోజుల్లో పశువుల మందలున్న తెల్లదొర ఒకడు వచ్చాడు. కుర్రవాడు. దాహంతో నాలుక వాచి, గుర్రం మీద నుంచి జారి తాత కాళ్ల దగ్గర పడ్డాడు. తాత మడుగుకు మోసుకెళ్లాడు. కొత్తవాళ్లను మడుగుకు చెప్పకుండా దించకూడదు. పెద్దవాళ్లు నీళ్లు నోట్లోకి తీసుకుని వాళ్ల నెత్తి మీద చిమ్మి, వాళ్లెవరో కేకేసి చెప్పాలి. పరాయివాళ్లకు ఒక మాట ఉంది — పరాయిది, చూసి పోతుంది, దీన్ని పట్టించుకోకు. నర్సులకూ, పంతుళ్లకూ, రోడ్డు వేసేవాళ్లకూ ఆ మాటే.

కానీ ఆ కుర్రవాడు పోయేవాడిలా లేడు. ఉండిపోయేవాడిలా ఉన్నాడు. ఉండిపోయే మనిషికి వరస కావాలి. వరస లేనిదే ఎవరి పక్కన కూచోవాలో తెలియదు, ఎవరితో పరాచికాలాడాలో, ఎవరి ఎదుట తల దించుకోవాలో తెలియదు. వరస లేని మనిషి తాతకు మనిషిగానే కనిపించేవాడు కాదు.

అందుకని తన చంక కింది చెమట తీసి ఆ కుర్రవాడి ఒంటికి రాశాడు. నీళ్లవైపు తిరిగి కేకేశాడు.

"వీడు నా కొడుకు."

కొన్ని ఏళ్లు బాగానే ఉన్నాడు కొడుకు. తరవాత మందలు పెరిగాయి. మడుగు చాలలేదు. ఊట వెడల్పు చేద్దామని రాతికి మందుగుండు పెట్టి పేల్చాడు.

మూడొంతుల మడుగు ఒక్క పూటలో ఇంకిపోయింది. మిగిలింది నల్లగా మారింది.

దొర పట్నం వెళ్లిపోయాడు. అక్కడే పెళ్లాడాడు, అక్కడే ముసలివాడయ్యాడు, మెత్తటి పరుపు మీద పోయాడు. మడుగు మాత్రం అడుగుతూనే ఉంది — కొడుకేడీ అని. దానికి మొహాలు తెలియవు. చెమట తెలుసు.

అన్నీ తెలిసి కూడా మేవిస్ తన బిడ్డను పురిట్లోనే మడుగుకు చూపించింది. చూపించకపోతే ఆ బిడ్డకు ఊరు లేనట్టే, నేల లేనట్టే. ఏ తల్లి చేస్తుంది ఆ పని?

బూట్లు ఎండలో ఉన్నాయి. లోపల ఇంకా తడి ఆరలేదు.

సరిగ్గా అప్పుడు వచ్చింది రోవెనా.

దుమ్ము కొట్టుకుపోయిన కారు. ఎండకు కమిలిన మెడ. షనెల్ కంటే కాస్త పెద్దది. ఇల్లు కనుక్కుంటూ వచ్చి మెట్ల దగ్గరే నిలబడి, రావచ్చా ఆంటీ అని అడిగింది. పిలిచేదాకా పైకి రాలేదు. మేవిస్‌కు ఆ పద్ధతి నచ్చింది.

తాను ఆ దొర కూతురి కూతురినని చెప్పింది. వాళ్లమ్మ కూడా పోయిందట. ఆ దొర తాతకు ఆస్పత్రిలో ఆఖరి రోజుల్లో ఏ నీళ్లూ సయించలేదట. కొళాయి నీళ్లు ఊసేసేవాడట. మా నాన్న మడుగు నీళ్లు తెమ్మని ఏడ్చేవాడట. అవి ఒక్కసారి తాగి పోదామని వచ్చిందట.

షనెల్ గదిలోంచి రాలేదు. మడుగు పేరెత్తితే తలుపు వేసుకుంటోంది.

మేవిస్ ఒక్కతే కారెక్కింది. పరాయిది అని చెబుదాం అనుకుంది. ఒక గుక్క తాగుతుంది, పోతుంది. నిజంగానే అలా అనుకుంది.

దారిలో తొండ ఒకటి అడ్డంగా కూచుంటే రోవెనా కారాపి, అది కదిలేదాకా ఆగింది. నారింజ ఒలిచింది. ఆంటీకి పళ్లు లేవని గమనించి, ఒక్కో తొనకూ తెల్ల పీచు తీసి, గింజ తీసి ఇచ్చింది. షనెల్ ఏనాడూ అంత ఓపికగా ఒలిచి పెట్టలేదు. తీపి నోట్లో ఉండగానే మేవిస్ మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

కొండ వెనక మడుగు నల్లగా, కదలకుండా ఉంది.

రోవెనా బూట్ల తాళ్లు విప్పుతోంది. దిగొద్దు, తాగి వచ్చెయ్ అంది మేవిస్. అంతే అంది.

"నేను పరాయిదాన్నేం కాదుగా, ఆంటీ," నవ్వింది రోవెనా. "మీ తాత మా తాతను కొడుకన్నాడంట. మరి నేను మీకేమవుతాను?"

మేవిస్ జవాబు వెతుక్కోనక్కరలేదు. తాత కొడుకంటే నాన్నకు తమ్ముడు. చిన్నాన్న. చిన్నాన్న కూతురు చెల్లెలు. చెల్లెలి కూతురు...

కూతురు.

ఈ తరంలో ఇద్దరున్నారు.

చెప్పొచ్చు. పారిపొమ్మని చెప్పొచ్చు. పరాయిది అని కేకేసి, చెయ్యి పట్టుకుని, కారెక్కించొచ్చు. అప్పుడు ఇంట్లో తలుపు వేసుకున్నది, జడ పిండుకుంటున్నది...

మేవిస్ చెయ్యి చంక కిందికి పోయింది. చెమట తీసి ఆ కమిలిన మెడకు రాసింది, నుదుటికి రాసింది. రోవెనా కళ్లు మూసుకుని రాయించుకుంది. మేవిస్ నీళ్లు నోట్లోకి తీసుకుని ఆమె నెత్తి మీద చిమ్మింది. నీళ్లవైపు తిరిగింది.

"ఇది ఆ కొడుకు మనవరాలు. నా కూతురు. నా చెమటే దీని చెమట. చూసుకో."

అందులో ఒక్క మాటా అబద్ధం కాదు. అబద్ధమైనా అయుంటే ఎక్కడో ఒకచోట దాక్కునే వీలుండేది.

నీళ్లు ఒడ్డునుంచి ఒక బెత్తెడు వెనక్కి తగ్గాయి. మళ్లీ వచ్చాయి. రోవెనా దోసిలి పట్టి తాగింది, తాత చెప్పినంత తియ్యగా ఉన్నాయంది, సీసా నింపుకుంది.

ఆ సాయంత్రం షనెల్ బూట్లు పొడిగా ఉన్నాయి.

షనెల్ కాళ్లు పెట్టి చూసుకుంది. తీసి, మళ్లీ పెట్టుకుంది. కంగారూ తోక కాల్చుకుని, నిప్పుల్లో రొట్టె చేసుకుని, రోవెనాతో కలిసి ముగ్గురూ వరండాలో తిన్నారు. షనెల్ మాట్లాడింది. షనెల్ నవ్వింది. తన బిడ్డ బతికిందన్న సంతోషం మేవిస్‌ను ముంచేసింది, ఆ వెనకే సిగ్గు, ఆ సిగ్గుకు తల ఎత్తలేక మిగతా రొట్టె కుక్కలకు వేసింది.

పొద్దున్నే రోవెనా బయల్దేరింది. మేవిస్‌ను కావలించుకుంది. మళ్లీ వస్తానంది. మేవిస్ ఆమెను తొందరగా వదల్లేకపోయింది.

కారు లేపిన దుమ్ము చాలాసేపు అలాగే నిలబడింది.

మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. దారిలో పెట్రోలు బంకు దగ్గర ఆగిందట. షనెల్ స్పీకరు పెట్టింది.

"మీ నీళ్ల సీసా కారుతోందనుకుంటా, షనెల్. కారంతా తడి. విచిత్రం ఏంటంటే, మూత బిగించే ఉంది. నా బూట్ల నిండా నల్ల బురద..."

మేవిస్ ఫోన్ లాక్కుంది.

"అమ్మాయ్," అంది. "అమ్మాయ్, ఇటు తిరిగి రా..."

ఫోన్ కట్టయిపోయింది. మళ్లీ మళ్లీ చేసింది షనెల్. మోగలేదు.

మేవిస్ వంటింట్లోకి వెళ్లి కత్తెర తెచ్చింది. పొయ్యిలోంచి తెల్ల బూడిద తీసి ఆకు మీద పోసుకుంది. వరండా దిగి, నీడలో కాకుండా ఎర్రటి ఎండలో, నేల మీద కూలబడింది. నుదుటికి బూడిద రాసుకుంది. జుట్టు పిడికిట పట్టి కత్తిరించడం మొదలుపెట్టింది.

షనెల్ మెట్ల మీద ఆగిపోయింది.

"ఎవరు పోయారమ్మా?"

కత్తెర ఆగలేదు.

"మీ అక్క," అంది మేవిస్.

షనెల్ తన బూట్ల వైపు చూసుకుంది. తరవాత వాటిని విప్పి, మెట్టు మీదే వదిలేసి, కాలిపోతున్న నేల మీద ఒట్టి కాళ్లతో నడిచి వచ్చింది. తల్లి ఎదురుగా కూచుని, జడ ముందుకు లాక్కుని, కత్తెర కోసం చెయ్యి చాపింది.