చదివినట్టు రసీదు

"ఒకసారి రారా, మీ బావ కంప్యూటరుకు ఏదో అయింది" అని అక్క ఫోన్ చేయగానే తమ్ముడు సంచీ సర్దుకుని బయలుదేరాడు. పాత కంప్యూటర్లు బాగుచేయడం అతని పని. కొత్తవాటి జోలికి పోడు. అందుకే వీధిలో వాళ్ళు అతన్ని పాతసామాను డాక్టరు అంటారు.

అక్క ముందుగదిలో కుట్టుమిషను మీద ఉంది. తల ఎత్తకుండానే, "చూసి నడువు, కింద గుండుసూదులున్నాయి" అంది.

వెనకగది బావది. ఇళ్ళకు ప్లాన్లు గీసేవాడు. ఆ గీతల ప్రోగ్రాము ఈ పాత మిషనులో తప్ప నడవదని, ఎవరెంత చెప్పినా మార్చలేదు. ఆయన పోయి ఏడాది దాటింది. కుర్చీ ఇంకా ఆయన కూర్చున్న ఎత్తులోనే ఉంది.

తెర మీద ఈమెయిల్ ప్రోగ్రాము తెరిచి ఉంది. 'సర్వరుతో కనెక్షన్ కుదరలేదు. మళ్ళీ ప్రయత్నిస్తోంది' అని చిన్న పెట్టె వచ్చింది, పోయింది, కాసేపటికి మళ్ళీ వచ్చింది.

తమ్ముడు మిషను మీద చెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. ఏ పని మొదలుపెట్టినా దేవుణ్ణి తలుచుకోవడం అలవాటు.

"దానికేమైనా జ్వరమా, అలా చెయ్యి పెట్టి చూస్తున్నావు?" అంటూ అక్క వచ్చి గుమ్మంలో నిలబడింది.

"నీ నోటికి తాళం వేసే మందు మాత్రం నా దగ్గర లేదక్కా."

వరసగా చూసుకుంటూ వచ్చాడు. వైరు సరిగ్గానే ఉంది. ఇంటర్నెట్ వస్తోంది. ఉత్తరాలను మధ్యలో ఆపి వడపోసే వైరస్ కాపలా ప్రోగ్రామును తీసేశాడు. సర్వరు పేరు, నంబరు తప్పు లేవు. పాత మిషను కదా, నెమ్మదిగా అడుగుతుందేమోనని ఎదురుచూసే గడువు పెంచాడు. అయినా అదే పెట్టె, అదే మాట.

చివరికి లాగ్ తెరిచాడు. ప్రోగ్రాము అవతలి సర్వరుతో ఏం మాట్లాడిందో, అది ఏం బదులిచ్చిందో పొల్లుపోకుండా రాసి ఉంచే ఫైలు అది. చదివి వెనక్కి ఆనుకున్నాడు.

"ఏమంటోంది?"

"పాస్‌వర్డు ఒప్పుకుందక్కా. ఆ తర్వాత, 'ఉత్తరాల పెట్టె తెరిచి ఉంది, వేరొకరు లోపల ఉన్నారు, తర్వాత రండి' అంటోంది."

"వేరొకరెవరు?"

"ఎవరూ ఉండరులే. ఒకసారికి ఒకర్నే రానిస్తుంది. మధ్యలో లైను తెగితే, పాతవాడు ఇంకా లోపలే ఉన్నాడనుకుంటుంది. కాసేపు ఊరుకుంటే అదే సర్దుకుంటుంది."

వైరు పీకేశాడు. ఇద్దరూ టీ తాగారు. అక్క ఒక జాకెట్టుకు గుండీలు కుట్టేసింది. వైరు మళ్ళీ తగిలించాడు.

'వేరొకరు లోపల ఉన్నారు.'

"ఈ పాస్‌వర్డు ఇంకెవరికైనా తెలుసా?"

"నాకే తెలీదురా. ఇక్కడ కనబడే ఆ చుక్కలే నాకు తెలుసు."

లాగ్‌లో పైకి వెళ్ళాడు. వారం కింద మొదలైన గొడవకు ముందు చివరగా కనబడింది, బావను ఆసుపత్రికి తీసుకెళ్ళిన రోజు. ఆ పొద్దున ఉత్తరాలు సజావుగానే దిగాయి. ఆ రెంటికీ మధ్య ఏమీ లేదు.

"ఈ ఏడాదంతా దీన్ని ఆన్ చేయనే లేదా?"

"దీని ప్లగ్గులో ఇస్త్రీపెట్టె పెట్టుకున్నాను."

ఆ మాట అన్నాక అక్క నెమ్మదిగా మంచం మీద కూర్చుంది. కొంగుతో ఫోను తుడిచి అతని చేతికిచ్చింది. "నవ్వావంటే చూడు."

బావకు ఆమె రోజూ సాయంత్రం ఈమెయిల్ రాస్తోంది. వారం కిందటివరకు ఒక్కోదాని కింద ఒక్కో జవాబు ఉంది. జవాబంటే మాటలు కాదు, రసీదు. 'మీరు పంపినది చదివారు.' ప్లాను చూడలేదని ఎవరూ బుకాయించకుండా, పంపిన ప్రతిదానికీ చదివినట్టు రసీదు అడిగే పద్ధతి బావే ఆమెకు నేర్పాడు.

"నేనేం పిచ్చిదాన్ని కాదు. ఈ పెట్టెలో ఏదో మీట నొక్కి పోయారు, అదే పంపుతోంది అనుకున్నాను. ఏదో ఒకటి, వస్తున్నాయి కదా. ఇప్పుడు వారంగా రావడం లేదు. అందుకే పిలిచాను. బాగుచేసి పెట్టరా."

"కరెంటే లేని పెట్టెలో మీటేమిటక్కా?" అనేసి తమ్ముడు నోరు మూసుకున్నాడు. ఇద్దరూ ఇస్త్రీపెట్టె వైపు చూశారు.

తమ్ముడు లాగ్ వైపు తిరిగి అడిగాడు. "ముందు రసీదులు ఆగాయా, ముందు నువ్వు దీన్ని ఆన్ చేశావా?"

అక్క ఆలోచించింది. "మన ఇంటి ప్లాను చూడాలనిపించి ఆన్ చేశాను. ఆ సాయంత్రం నుంచే రాలేదు."

సంగతి అతనికి అర్థమైంది. ఈ మిషను నిమిషనిమిషానికీ తలుపు తడుతోంది. తట్టినప్పుడల్లా 'లోపల ఒకరున్నారు' అనే గడియ మరికాసేపు బిగుసుకుంటోంది. రోజూ వచ్చి చదువుకునేవాళ్ళకు దారి లేకుండా పోయింది.

"ఎవడో దొంగ అక్కా. ఆ చుక్కల వెనక ఉన్నది బయటికి తీసే ఉపాయం నా దగ్గరుంది. పాస్‌వర్డు మార్చేస్తాను."

"మార్చేస్తే?"

"వాడు బయటే ఉండిపోతాడు."

"ఎవరైనా?"

"ఎవరైనా."

అక్క అతని చేతిలోంచి ఫోను వెనక్కి తీసుకుంది. తమ్ముడే అడిగాడు.

"ఇంతకీ ఏం రాస్తున్నావు వాటిలో?"

"ఏముంటాయి? పంపులో నీళ్ళు సన్నగా వస్తున్నాయి. ఎదురింటామె జాకెట్టు మెడ ఎక్కువ కోసేశాను. మా తమ్ముడు బక్కచిక్కాడు."

"ఏ దొంగకి కావాలివి, ఏడాదిపాటు కూర్చుని చదవడానికి?"

"అదే నేనూ అడుగుతున్నాను."

అతని వేళ్ళు కీబోర్డు మీదే ఆగిపోయాయి. తను రోజూ పొద్దున్నే దేవుడికి చెప్పుకునేవీ ఇలాంటివే. విన్నట్టు ఏనాడూ రసీదు రాలేదు. అయినా చెప్పడం మానలేదు. రసీదులు వస్తున్న మనిషికి అవి రాకుండా చేయడానికి తనెవరు? కానీ లోపలున్నది ఎవరో తెలియకుండా ఆడకూతురి ఇంటి తలుపు తెరిచి ఉంచడం మాత్రం ఏం మంచి? స్వామీ, నువ్వే చెప్పు అనుకున్నాడు. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు.

"ఆపెయ్యరా" అంది అక్క.

"బాగా ఆలోచించుకునే అంటున్నావా?"

"ఏడాదిగా నా గోడు వింటున్నవాళ్ళు ఎవరైతేనేం? మనం అడ్డు తప్పుకోవాలి. ఆపెయ్యి."

అతను మిషను ఆపి, ప్లగ్గు కూడా పీకేశాడు. లోపల తిరుగుతున్నదేదో సన్నగా మూలిగి ఆగింది. ఇద్దరూ మంచం మీద కూర్చున్నారు, మధ్యలో ఫోను.

చాలాసేపటికి అది కదిలింది. 'మీరు పంపినది చదివారు.'

వారం కిందటిది. మరి కాసేపటికి ఇంకొకటి, దాని తర్వాతి రోజుది. తమ్ముడు ఫోను మీదికి వంగాడు. "యంత్రమైతే అన్నీ ఒక్కసారే వచ్చి పడాలక్కా" అన్నాడు గొంతు తగ్గించి.

అవి ఒక్కొక్కటే వచ్చాయి. పొట్టిదాని తర్వాత వెంటనే, పొడుగుదాని తర్వాత ఆలస్యంగా. ఆ తర్వాత ఆగిపోయాయి.

"అయిపోయాయా?"

"ఇంకొకటుంది. పొద్దున నీకు ఫోన్ చేసే ముందు రాసింది." అక్క కాళ్ళు మంచం మీదికి ముడుచుకుని సర్దుకు కూర్చుంది. "అది పెద్దది. టైము పడుతుంది."